మన అన్న తప్పు

సహోదరులారా, సహోదరీలారా! పద్నాలుగేళ్ల పాటు నేను ఒక ఉత్తరాన్ని వ్యాకరణ పుస్తకంలో దాచి, ఆ పుస్తకాన్ని రేకుపెట్టె అడుగున పెట్టి, ఆ పెట్టె మీద కూర్చుని రమ్ము తాగాను. నా చీకటికాలం అంటే అదే. నాకు కాళ్లు పడిపోలేదు, చూపు పోలేదు, దయ్యమేదీ పట్టలేదు. పట్టిందని రాస్తే మీకు చదవడానికి ఇంకా రుచిగా ఉండేదేమో గాని అది అబద్ధమవుతుంది, అబద్ధంతో నేను పడ్డ పాట్లు ఒక జన్మకు చాలు. నన్ను పట్టి పీడించింది నా నోటితో నేనే చెప్పిన నాలుగు మాటలు. ఆ మాటలేమిటో, వాటి నుంచి దేవుడు నన్ను ఎలా విడిపించాడో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

సాక్ష్యం అన్న మాటను నేను తేలిగ్గా వాడను. వయసులో ఉన్నప్పుడు వేదికలెక్కి పూజారులను, ఫాదర్లను, మొక్కులను, స్వస్థతలను కలిపి చీల్చి చెండాడినవాణ్ణి. చూసింది చెప్పు, విన్నది చెప్పు, ఊహించుకున్నది మాత్రం ఇంట్లో పెట్టుకో అని ఎదుటివాళ్లను నిలదీసేవాణ్ణి. ఇప్పుడు ఆ షరతు నాకే పెట్టుకుని మొదలుపెడుతున్నాను.

మాది మారిషస్ దక్షిణాన లెస్కాలియే. వాకిట్లో నిలబడితే ఏ వైపు చూసినా ఎస్టేటు చెరుకే, పూత వచ్చిందంటే ఊరు మొత్తం వెండి కుచ్చుల్లో మునిగినట్టుండేది, కోతల కాలంలో మిల్లు నుంచి వచ్చే పాకం వాసన ఆరేసిన బట్టలకు కూడా పట్టేది, ఆ వాసన ఇవాళ ఎక్కడైనా తగిలితే నేను ఉన్నపళంగా పదేళ్లవాణ్ణయిపోతాను! మా నాన్నకు పగలంతా చెరుకు తోటలో పని, శనివారం రామభజనలో తాళాలు. ఆయనకు సింహాద్రి అప్పన్న అంటే ప్రాణం. మా తాతలు ఓడ ఎక్కినప్పుడు బట్టల మూటతో పాటు తెచ్చుకున్న దేవుడు అనేవాడు. మొదటి కొడుక్కి సింహాద్రి అని పేరు పెట్టాడు. నాలుగేళ్ల తర్వాత నేను పుడితే అప్పన్న అని పెట్టాడు. ఒక్క దేవుడి పేరును ఇద్దరికి పంచాడన్నమాట. అన్నానికి పిలవాలంటే అమ్మకు ఒక్క కేక చాలు, "సింహాద్రప్పన్నా" అంటే ఇద్దరం వచ్చి పీటల మీద కూర్చునేవాళ్లం.

ఇంట్లో మాట్లాడేది క్రియోలే. తెలుగు అంటే అమ్మ, నాన్న, అన్న, తమ్ముడు, భజన పాటలు, కొన్ని తిట్లు. అమ్మకు మాత్రం వాళ్ల అమ్మ దగ్గర విన్న తెలుగు కొంచెం ఎక్కువే ఉండేది. నాకు ఎందుకో ఆ భాష మీద పిచ్చి పట్టింది. ఇండియా నుంచి ఓడలో పుస్తకాలు తెప్పించుకుని, ఒక ముసలి పంతులు దగ్గర కూర్చుని, వ్యాకరణం అంతు చూశాను. అన్నకు చదువు అబ్బలేదు. ఎస్టేటులో చెరుకు బండి తోలేవాడు.

ఒక కోతల కాలంలో ఆ బండి చక్రమే అన్న ఎడమ పాదం మీదుగా పోయింది. మిషన్ వాళ్ల చిన్న ఆసుపత్రిలో రెండు నెలలున్నాడు. అక్కడ ఒక ముసలి ఫ్రెంచి ఆయన ఉండేవాడు. ఫాదర్ కాదు. బలిపూజ చేయడు, ప్రసంగం చేయడు. మఠానికి మాట ఇచ్చి జీవితాంతం వంట, తోటపని, రోగుల చాకిరి చేసుకునే మనిషి. అలాంటివాళ్లను మా దగ్గర ఫ్రేర్ అంటారు, అంటే సోదరుడే. ఆయన రోజూ అన్న పాదాన్ని ఒళ్లో పెట్టుకుని కడిగి కట్టు కట్టేవాడు. తెల్లవాడు బండి తోలేవాడి కాలు కడగడం మా ఊళ్లో అంతకు ముందు ఎవరూ చూసి ఎరగరు. అన్న కుంటుకుంటూ ఇంటికి వచ్చాడు, ఆరు నెలలు ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు, తర్వాత కుంటుకుంటూ అక్కడికే వెళ్లిపోయి జ్ఞానస్నానం తీసుకున్నాడు, మరికొన్నేళ్లకు ఆ ముసలాయన లాగే ఫ్రేర్ అయ్యాడు.

నాన్న నెల రోజులు తాళాలు ముట్టలేదు. నేను అంత మర్యాదగా ఊరుకోలేదు. మతం మారితే మారావు, కనీసం ఫాదర్‌వైనా అయ్యావా, పోయి పోయి వంటవాడివయ్యావా అని మొహం మీదే అన్నాను. అన్న నవ్వాడు. "పా గ్రావ్, తమ్ముడూ" అన్నాడు. పరవాలేదు అని ఆ క్రియోల్ మాటకు అర్థం. కాలు విరిగినా, కూర మాడినా, తమ్ముడు తిట్టినా ఆయనకు ఆ ఒక్క మాటే.

అప్పటికి నేను ఊరూరా సభల్లో పేరు తెచ్చుకుంటున్నాను. మాది సంస్కరణ సంఘం. బలులు వద్దు, నిప్పులు తొక్కడం వద్దు, కులం వద్దు, ఆడపిల్లలకు చదువు కావాలి అనేవాళ్లం. ఆ మాటల్లో ఒక్కదాన్ని కూడా ఇవాళ వెనక్కు తీసుకోను. దేవుడు నా బుద్ధిని నా దగ్గరే ఉంచాడు, దాన్ని కర్రలా పట్టుకుని కనపడినవాడినల్లా బాదే అలవాటును మాత్రం తీసేశాడు. ఆ బాదడంలో మొదటి దెబ్బ ఎవరికి తగిలిందో ఇప్పుడు చెబుతాను.

యుద్ధం రాకముందు అన్నను బర్మాకు పంపాలని మఠంలో నిర్ణయించారు. అక్కడ రేవుల్లో, బియ్యం మిల్లుల్లో తెలుగు కూలీలు చాలామంది ఉన్నారు, వాళ్లకు మిషన్ ఆసుపత్రి ఉంది, అందులో తెలుగు మనిషి కావాలన్నారు. అన్నకు తెలుగు పేరైతే ఉంది గాని తెలుగు లేదు! ఓడ ఎక్కే ముందు నాలుగు రోజులు సెలవిస్తే ఇంటికి వచ్చాడు.

"తమ్ముడూ, నువ్వు టీచర్ కదా. నాకు లెసోన్ చెప్పు. ప్రార్థన ఒకటి, కొంచెం మాటలు. అంతే" అన్నాడు.

నేను బెట్టు చేసి ఒప్పుకున్నాను. సహోదరులారా, ఆ మూడు మధ్యాహ్నాలు నాకు ఈ వయసులో కూడా నిన్నటిలా ఉన్నాయి. రేకుల వసారాలో అన్న కుంటికాలు చాపుకుని, మిషన్ వాళ్లు ఇచ్చిన అచ్చు కార్డు చేతిలో పట్టుకుని కూర్చునేవాడు, ఎదురుగా అమ్మ రోష్ కారీ మీద, అదే మా నూరుడు రాయి మీద, పసుపూ కొత్తిమీరా నూరుతూ ఉండేది, ఆ గరగర శబ్దానికి అన్న చదువు తాళం తప్పేది. కార్డు మీద "పరలోకమందుండెడి మా యొక్క తండ్రీ" అని ఉంది. అన్న నోటికి మాత్రం "మన తండ్రీ" అనే వచ్చేది. ఆయన తప్పేం లేదు. క్రియోల్‌లో "ను" అంటే మేమూ అదే, మనమూ అదే. ఫ్రెంచిలోనూ అంతే. తెలుగు అలా కాదు కదా. "మా" అంటే వినేవాడు బయట. "మన" అంటే వినేవాడూ లోపలే. దేవుడితో మాట్లాడుతూ "మన తండ్రీ" అన్నావంటే, నీకూ దేవుడికీ కలిపి ఒక తండ్రి ఉన్నాడని అర్థం వస్తుంది అని నేను నొక్కి నొక్కి చెప్పాను.

"మా అను."

"మా."

"మా తండ్రీ."

"మన తండ్రీ."

అమ్మ నూరుతూనే, "వొదిలీరా బాబూ. ఆడేటన్నాడో దేవుడికి తెలీదేటి" అనేది.

మూడో రోజు అన్న కార్డు దించి నన్ను అడిగాడు. "మా అంటే, వినేవాడివి నువ్వు. నువ్వు బయట?"

"బయటే."

"అమ్మ?"

"అమ్మ వింటుంటే అమ్మా బయటే."

అన్న వసారా అంచు దాటి బయటికి చూశాడు. తర్వాత, "బయట వర్షం వస్తాది, తమ్ముడూ" అన్నాడు.

నన్ను ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. కార్డు ఆయన ఒళ్లోకి విసిరి లేచిపోయాను. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

మర్నాడు ఆదివారం. బెల్ ఎయిర్ రివియేర్ సెష్‌లో మా సంఘం చర్చ. అక్కడి బైట్కాలో, అంటే ఊరివాళ్లు చదువుకూ సభలకూ కట్టుకున్న హాలులో, బెంచీలు చాలక జనం కిటికీల దగ్గర నిలబడ్డారు. మతం మారడం తగునా అన్నది విషయం. మా పెద్ద లచ్చుమయ్యగారు అధ్యక్షుడు. అన్న తనంతట తాను నాతో బస్సెక్కి వచ్చి, తమ్ముడు మాట్లాడుతుంటే వినాలని ఆఖరి బెంచీలో కూర్చున్నాడు.

నేను ఆ తప్పును వేదిక ఎక్కించాను. దేవుడికి కూడా ఒక నాన్నను వెతికిపెట్టిన మొదటి మనిషి మా ఇంట్లోనే ఉన్నాడయ్యా అన్నాను. ఆయన దేవుడితోనే "మన తండ్రీ" అంటాడు, ఇక పరలోకంలో ఒక తాతగారికి కుర్చీ వేయాలి అన్నాను. హాలు గొల్లుమంది. వెనక అన్న కూడా నవ్వుతున్నాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నవ్వు రుచి మరిగినవాడు ఆగడు.

"సహోదరుడంటే ఒకే కడుపున పుట్టినవాడు. ఈయన అచ్చు కార్డులో పుట్టాడు. ఈయన నాకేమీ కాడు" అన్నాను.

చప్పట్లు కొట్టారు. అన్న నవ్వు ఆగిపోయింది. తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం, దారి పొడుగునా చెరుకు, కొండలు, మళ్లీ చెరుకు. ఆ రోజు మాత్రం అన్న పా గ్రావ్ అనలేదు. పొద్దున్నే పోర్ట్ లూయీకి వెళ్లి ఓడ ఎక్కాడు. అమ్మ రేవుకు వెళ్లింది. నేను వెళ్లలేదు.

తర్వాత యుద్ధం వచ్చింది. ఓడలు రావడం తగ్గింది, బర్మా బియ్యం ఆగిపోయింది, కర్రపెండలం, మొక్కజొన్న తిని బతికాం, ఉత్తరాలు లేవు. నాన్న ఆ రోజుల్లోనే పోయాడు. యుద్ధం ముగిసి ఇంచుమించు ఏడాదయ్యాక, ఒక మధ్యాహ్నం మా ఊరి ఫాదర్ సైకిల్ తోసుకుంటూ వచ్చాడు. ఆయన చేతిలో నీలం గీతల కాగితాలు రెండు, రెండు వైపులా నిండా తెలుగు. విశాఖపట్నం వైపు నుంచి ఎన్నో మిషన్ల చేతులు మారి ఆయన దాకా వచ్చాయట. ఆయనకు తెలుగు రాదు. చుట్టుపక్కల చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

గుమ్మంలో నిలబడి మొదట నాలో నేను చదువుకున్నాను. అమ్మ తడి చేతులు చీర కొంగుకు తుడుచుకుని కింద కూర్చుంది. ఫాదర్ టోపీ తీసి పట్టుకున్నాడు. ఆ ఉత్తరం రెండో పేజీలో నేనున్నాను. అన్న ఎలా పోయాడో చదివినప్పుడు నా గుండె తట్టుకుంది గాని, నా గురించి ఆయన చెప్పిన మాట చదివినప్పుడు తట్టుకోలేదు. ఆ మాట పైకి చదివితే బెల్ ఎయిర్ సభ, ఆ చప్పట్లు, నా పాండిత్యం, అన్నీ నా మీదికే కూలిపోతాయి. అందుకని అమ్మకు తెలుగులో, ఫాదర్‌కు క్రియోల్‌లో, ఉత్తరాన్ని నాలుగు మాటలు చేశాను.

అన్న పోయాడు. జ్వరం వచ్చి పోయాడు. బాధపడలేదట. నిద్రలోనే పోయాడట.

మొదటిది తప్ప మూడూ అబద్ధాలు. చూసింది చెప్పు అని ద్వీపమంతా గొంతు చించుకున్నవాణ్ణి, చదివింది చెప్పలేకపోయాను! ఫాదర్ మోకరించి ప్రార్థన చేసి, జ్వరం అనే రాసుకుని వెళ్లిపోయాడు. అమ్మ ఏమీ అడగలేదు. లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది.

అక్కడి నుంచి నా పతనం. బడిలో సర్వనామాల పాఠం వస్తే మేము, మనము రాకముందే ఆ పాఠం దాటేసి ముందుకు పోయేవాణ్ణి, పిల్లలు అడిగితే కసిరేవాణ్ణి. రమ్ము అమ్మే చీనా కొట్టులో మొదట ఆదివారాలు తాగాను, తర్వాత అన్ని రోజులూ ఆదివారాలే అయ్యాయి. బడి ఉద్యోగం పోయింది. గొంతు బొంగురుపోయింది. పెళ్లి మాట ఎత్తేవాళ్లు ఎత్తడం మానేశారు. చివరిసారి నువెల్ ఫ్రాన్స్‌లో ఒక సభకు పిలిస్తే తాగి వెళ్లి వేదిక మెట్ల మీద నుంచి పడ్డాను. జనం నవ్వారు. అచ్చం బెల్ ఎయిర్‌లో నవ్వినట్టే. సహోదరులారా, మత్తుకు బానిసైనవాణ్ణి చూసి బలహీనుడు అంటారు మీరు. నేను అంతకన్నా హీనుణ్ణి. ఒక తల్లికి చెందవలసిన మాటను దొంగిలించి, దాని మీద కూర్చున్నవాణ్ణి.

పద్నాలుగేళ్లకు ఆ పెద్ద తుఫాను వచ్చింది. మా ద్వీపంలో నా వయసువాళ్లకు ఏ తుఫానో చెప్పనక్కరలేదు. మా ఇంటి రేకులు చెరుకులోకి ఎగిరిపోయాయి, చీనా కొట్టు నేలమట్టమైంది. తర్వాత మూడు రోజులు, ఏమీ ఎరగనట్టు, మంచి ఎండ. ఊరు ఊరంతా తన సామాను ఆరబెట్టుకుంటోంది. పొలాల్లో ఏరి పోసిన నల్లరాళ్ల కుప్పలున్నాయే, వాటి మీద పరుపులు, చీరలు, బడి పుస్తకాలు, దేవుడి పటాలు, హిందువులవీ, ముస్లింలవీ, క్రైస్తవులవీ పక్కపక్కనే పరిచారు. రమ్ము దొరకక నేను వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నాను. అమ్మ నా రేకుపెట్టె తెరిచి, తడిసిన వ్యాకరణాన్ని ఆకు ఆకు విడదీసి, ఎగిరిపోకుండా ఒక్కోదాని మీద గులకరాయి పెడుతోంది. నేను చూసేసరికి ఆమె చేతిలో నీలం గీతల కాగితాలు రెండున్నాయి.

"అప్పన్నా. ఇది మీ అన్న కాయితం గదా."

అవునన్నాను.

"సదువు."

"అప్పుడే చదివాను కదమ్మా."

అమ్మ రాయి మీద కూర్చుంది. కాగితాన్ని ముందుకూ వెనక్కూ తిప్పి చూసింది. "అప్పుడు నువ్వు సెప్పింది నాలుగు మాటలు. ఇది రెండు పక్కలా నిండా ఉంది. నాకు అచ్చరాలు రాకపోతే ఏటి, ఎంత రాసుందో అగుపడదేటి."

ఆమెకు మొదటి రోజు నుంచీ తెలుసు! మరి ఇన్నేళ్లూ ఎందుకు అడగలేదమ్మా అన్నాను.

"నువ్వే సదువుతావని సూసినాను" అంది.

ఇప్పుడు కూడా తప్పించుకోవచ్చు. తడికి సిరా చెదిరింది, కనపడటం లేదంటే ఆమె ఏం చేయగలదు? ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. అప్పుడు నేను జీవితంలో మొదటిసారి ప్రార్థన చేశాను. అందమైన ప్రార్థన కాదు, వ్యాకరణం కూడా సరిగా లేదు, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "నువ్వున్నావో లేదో నాకు తెలియదు. ఉంటే, ఇది ఆఖరి దాకా చదివే గొంతు ఇయ్యి." సహోదరులారా, ఆకాశం తెరుచుకోలేదు, వెలుగు కనపడలేదు, ఎండ తప్ప ఏమీ లేదు. కానీ ఆఖరి దాకా చదివాను. దేవునికే మహిమ!

రాయించినవాడు నూకయ్య అనే కూలీ, బర్మా నుంచి ప్రాణాలతో ఊరు చేరి బడిపంతులు చేత రాయించాడు. శత్రుసైన్యం వస్తోందని డాక్టర్లు, నర్సులు, నడవగలిగిన రోగులు కొండదారి పట్టి వెళ్లిపోయారట. మంచం దిగలేనివాళ్లు మిగిలారట. కుంటి బ్రదర్ అని వాళ్లు పిలుచుకునే మా అన్న, నా కాలు ఇలా ఉంది, నేనెలా నడుస్తాను అని వాళ్లతో ఉండిపోయాడట. ఆయన నడవగలడని మాకందరికీ తెలుసు అని రాయించాడు నూకయ్య. నూకయ్యా మరికొందరూ దారి మూసేస్తే వెనక్కు వచ్చారు. అన్న వాళ్లను బియ్యం కొట్టు నేల పలకల కింద దాచాడు. సైనికులు వచ్చి, రోడ్డు పనికి గట్టి మనుషులు కావాలి, ఎక్కడ దాచావు అని అడిగారు. పనికి తీసుకెళ్లినవాళ్లు తిరిగి రావడం లేదని అందరికీ తెలుసు. అన్న చెప్పలేదు. రెండు రోజులు కొట్టారు. చెప్పలేదు. మూడో రోజు పొద్దున్న వాకిట్లోకి తెచ్చారు. ఆ తర్వాత నూకయ్య మాటలే ఇవి:

"మేము పలకల సందులోంచి చూశాం. మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆకాశం వైపు చూడలేదండి. ఆ సైనికుల మొహాల వైపు చూసి, తెలుగులో, గట్టిగా, పరలోకమందుండెడి మన తండ్రీ అన్నాడు. అక్కడ తెలుగు తెలిసినవాళ్లం పలకల కింద ఉన్న మేమే. ఆయన రోజూ అలాగే అనేవాడు, మేము రోజూ నవ్వేవాళ్లం, మన కాదు బ్రదరూ, మా అనాలి అని దిద్దేవాళ్లం. తెలుసు, మా తమ్ముడు నేర్పాడు అనేవాడు. వాడు పెద్ద పండితుడు. మా అంటే వినేవాడు బయట, మన అంటే వినేవాడు లోపల అని వాడే చెప్పాడు. అందుకే మన అంటాను, బయట వర్షం వస్తాది అనేవాడు. ఆ పొద్దున మేము నవ్వలేదు. మీ రాజ్యము వచ్చునుగాక దాకా అన్నాడు, అక్కడ కాల్చారు. మిగతాది మేము పలకల కింద గొంతు పైకి రాకుండా పూర్తి చేశాం. మేము ఆ మతంవాళ్లం కాదు. వినీ వినీ వచ్చింది. మేమూ మన అనే అన్నాం."

కాగితం అయిపోయింది. అమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఆమె రాళ్ల మీద ఆరుతున్న పేజీల వైపు చూస్తూ కూర్చుంది.

"ఆడన్న మాట మళ్లీ సదువు" అంది.

"మన తండ్రీ."

"మన తండ్రీ" అని తనూ అంది. "నువ్వు నేర్పినావనే సెప్పుకున్నాడా?" అని అడిగింది.

"అవునమ్మా."

"మంచిగానే నేర్పినావు" అని నా తల మీద చెయ్యి పెట్టింది.

సహోదరులారా, నా మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేసినవాళ్లు తర్వాత చాలామంది ఉన్నారు, కానీ నేను విడుదల పొందింది ఆ చేతి కింద, ఆ పట్టపగలు, పసుపు మరకలున్న ఆ వేళ్ల కింద! మర్నాడు గుడికి వెళ్లాను. పాత ఫాదర్ లేడు, కొత్తాయన ఉన్నాడు. ఉత్తరం మొత్తం మాట మాటకూ క్రియోల్‌లో చెప్పాను, మొదటిసారి ఏం చెప్పానో కూడా చెప్పాను. ఆయన చావులు రాసే పాత పుస్తకం తీసి, జ్వరం అన్న మాట మీద గీత కొట్టి పక్కన నిజం రాశాడు. తెలుగు కతోలిక శ్రీసభలో ప్రాణమిచ్చి విశ్వాసం నిలుపుకున్నవాణ్ణి వేదసాక్షి అంటారు. అన్నను పునీతుడని ఎవరూ ప్రకటించలేదు, ప్రకటిస్తారో లేదో నాకు తెలియదు. నాకు తెలిసింది ఇంతే, మా ఇంట్లో ఇద్దరు సాక్షులు పుట్టారు, ఒకడు వేదసాక్షి, ఒకడు దొంగసాక్షి, ఆ దొంగసాక్షిని కూడా దేవుడు బోనులోంచి బయటికి పంపలేదు, మళ్లీ చెప్పు అన్నాడు.

తాగుడు ఆ రోజే పోయిందని రాయను. రెండుసార్లు మళ్లీ పడ్డాను. మూడోసారి లేచాక పడలేదు. బడిలో మళ్లీ చేరినప్పుడు మొదటి రోజే సర్వనామాల పాఠం చెప్పాను.

ఇక నాలోని వాదించేవాడు ఊరుకుంటాడా? జ్ఞానస్నానానికి ముందు నెలల తరబడి ఆ తప్పుతో కుస్తీ పట్టాను. దేవుడితో "మన తండ్రీ" అంటే దేవుడికీ ఒక తండ్రి ఉండాలి, ఇదే కదా నా జోకు? అవును, ఉన్నాడు! మోకరించిన మనిషి పక్కన తానూ మోకరించి, అదే తండ్రిని తండ్రీ అని పిలిచిన కుమారుడే దేవుడు అని కదా క్రైస్తవులు చెప్పేది! వాళ్ల విశ్వాసం మొత్తాన్ని నేను బెల్ ఎయిర్‌లో ఒక్క జోకులో చెప్పి, చప్పట్లు కొట్టించుకుని, ఇంటికి వచ్చాను. నా జీవితంలో నేను ఓడిపోయిన చర్చ అదొక్కటే. నన్ను ఓడించింది నేనే.

అమ్మ జ్ఞానస్నానం తీసుకోలేదు. ఇది దాచను. శనివారం రామభజనకు వెళ్తూనే ఉంది, ఇంటికి వచ్చి పడుకోబోయే ముందు పెద్ద కొడుకు మాట ఒక్కటి, మన తండ్రీ అని, దానికి ముందూ వెనకా ఏమీ లేకుండా అనుకునేది. అలాగే పోయింది. ఆమె ఎక్కడుందని నన్ను అడిగేవాళ్లకు నేను చెప్పే జవాబు, లోపలే.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది మీకు గుర్తుండే ఉంటుంది. కావాలన్నవాళ్లు ఒక వైపు, భయపడినవాళ్లు ఒక వైపు, పోర్ట్ లూయీలో కొట్లాటలు, ఏళ్ల తరబడి ఒక గోడకు అటూ ఇటూ బతికినవాళ్లు కిటికీలు మూసుకోవడం. వేదికల మీద ప్రతివాడూ మనం, మనం అనేవాడు, ఆ మాటలో సగం ఊరు ఉండేది కాదు. జెండా ఎగిరిన రోజు మధ్యాహ్నం తర్వాత మా గుడి వాకిట్లో ప్రార్థన పెట్టారు. ఎవరి భాషలో వాళ్లు చెప్పాలన్నారు. కిటికీలు మూసుకున్నవాళ్లు కూడా కొందరు వచ్చి గోడ పక్కన నిలబడ్డారు. ఆఖరి బెంచీలో, కర్ర ఆనించుకుని, బెల్ ఎయిర్ సభకు అధ్యక్షత వహించిన మా లచ్చుమయ్యగారు కూర్చున్నాడు, ముసలివాడైపోయాడు. నా వంతు వచ్చింది. ఆకాశం వైపు చూడలేదు. గోడ పక్కన నిలబడ్డవాళ్ల మొహాల వైపు చూసి, పరలోకమందుండెడి మన తండ్రీ అన్నాను.

అయ్యాక లచ్చుమయ్యగారు కర్ర టకటకలాడించుకుంటూ దగ్గరికి వచ్చాడు. "ఏటి అప్పన్నా, ఆ తప్పు మీద నువ్వు సభ గెలిసినావు. ఇప్పుడు నువ్వే తప్పు సెప్తన్నావా?"

"పా గ్రావ్, లచ్చుమయ్యన్నా" అన్నాను.

ఆయన నవ్వాడు, తర్వాత ఎందుకో కళ్లు తుడుచుకున్నాడు.

నా కథ ఇంతే. నన్ను ఇంత దూరం నడిపించిన తండ్రికీ, పలకల కింద ప్రార్థన పూర్తి చేసిన ఆ కూలీలకూ, ఆ మాటను సముద్రాలు దాటించిన చేతులకూ నా వందనాలు. సహోదరులారా, ఒకే కడుపున పుట్టకపోయినా మిమ్మల్ని అలాగే పిలుస్తున్నాను, ఆ హక్కు నాకు మా అన్న తెచ్చిపెట్టాడు. మీలో ఎవరి పెట్టె అడుగునైనా చదవని ఉత్తరం ఒకటి ఉంటే, ఇవాళే తీయండి, ఎవరికి చెందుతుందో వాళ్ల ముందు కూర్చుని ఆఖరి దాకా చదవండి, గొంతు ఆయనే ఇస్తాడు. నమ్మకం లేకపోతే నా లాగే, నువ్వున్నావో లేదో తెలియదు అని మొదలుపెట్టండి, ఆయన నొచ్చుకోడు. తర్వాత ప్రార్థనకు రండి. కార్డు మీద ఉన్నదే సరైన తెలుగు, అది నేను ఎవరితోనైనా వాదిస్తాను. కానీ ఒక్కసారి, గోడ పక్కన నిలబడినవాడి వైపు చూసి, ఆ తప్పు నాతో పాటు చేయండి.